రాత్రి రిపోర్టు స్క్రిప్టుకి షెల్లా, ఆకా, పెర్లా, పైథానా?

గుణుపురం కుర్రాడు (రాయగడ)

అందరికీ నమస్కారం. రాయగడలో ఒక ప్రైవేటు కంపెనీ సిస్టమ్ రూములో చేరాను. నాకన్నా ముందున్నాయన భువనేశ్వర్ వెళ్ళిపోవడంతో ఆయన రాసిన స్క్రిప్టులన్నీ నా నెత్తిన పడ్డాయి.

మా దగ్గరున్నవి: ఏఐఎక్స్ 7.1 (ఐబీఎం వాళ్ళ యూనిక్స్) నడిచే పాత పవర్ సర్వర్ ఒకటి (కంపెనీ లెక్కలన్నీ చూసే ఈఆర్‌పీ దాని మీదే), రెండు రెడ్‌హ్యాట్ 8, ఒక ఉబుంటు 22.04 (ఇవన్నీ లైనక్స్). మునిగుడ, బిస్సంకటక్, గుడారి వైపు కర్ర డిపోల్లో చిన్న రూటర్ డబ్బాలు, కాటా పక్కన ఒక్కో విండోస్ పీసీ.

పని ఏంటంటే, డిపోల నుంచి కాటా చీటీల ఫైళ్ళు వస్తాయి. మామూలు టెక్స్ట్, మధ్యలో నిలువు గీత. చీటీ నంబరు, తేదీ, లారీ నంబరు, సప్లయర్ పేరు, గ్రాస్ (లోడుతో బరువు), టేర్ (ఖాళీ బండి బరువు), నెట్ (సరుకు బరువు). అన్నీ కలిపి సప్లయర్ వారీగా టోటల్ తీసి పొద్దున్న 6 లోపు మెయిల్ వెళ్ళాలి. ప్రతి రాత్రీ సీజన్ మొదటి నుంచీ ఉన్న ఫైలంతా మళ్ళీ చదువుతుంది, ఇప్పటికి దాదాపు 3 లక్షల లైన్లు. అర్ధరాత్రి మొదలైతే రెండున్నర దాటుతోంది. డిపో ఫైలు ఆలస్యంగా వచ్చి మళ్ళీ నడపాల్సి వస్తే ఇక టెన్షనే.

స్క్రిప్టు ఏఐఎక్స్ మీద షెల్‌లో (కమాండ్లు నడిపే భాష) ఉంది. వైల్ రీడ్ లూపులో ప్రతి లైనునీ ఎకో చేసి కట్‌కి (లైను ముక్కలు చేసే కమాండు) పైపు ఇస్తారు, ఒక్కో ఫీల్డుకి ఒకసారి. కూడిక బీసీతో (లెక్కల కమాండు). మేనేజర్ గారు ‘మొత్తం పైథాన్‌లో కొట్టెయ్’ అంటున్నారు. నాకొచ్చింది సీ, జావా. పెద్దలెవరైనా దారి చెప్పండి.

నిర్వాహకుడు

ఫోన్లో చూసేవాళ్ళకి కోడ్ పెట్టెలు విరిగిపోతున్నాయి. చెప్పదలుచుకున్నది ముందు మాటల్లో రాయండి, స్క్రిప్టు ఉంటే విడిగా ఫైలు జతచేయండి.

బరంపురం బ్యాష్ (బరంపురం)

తమ్ముడూ, లూపు ఉండటం కాదు తప్పు, లూపు లోపల కట్ ఉండటం. ఐఎఫ్‌ఎస్‌ని (ఫీల్డులు విడదీసే గుర్తు) నిలువు గీతగా పెట్టి రీడ్‌కి ఏడు వేరియబుల్స్ ఇచ్చెయ్. లైను చదివేటప్పుడే ముక్కలై వస్తుంది, కట్ అక్కర్లేదు. రీడ్‌కి మైనస్ ఆర్ తగిలించడం మర్చిపోకు, లేకపోతే పేర్లలో బ్యాక్‌స్లాష్ ఉంటే తినేస్తుంది. నాలుగు లైన్ల మార్పు. కొత్త భాష ఎందుకు?

గుణుపురం కుర్రాడు

అన్నా, ఏఐఎక్స్‌లో బ్యాష్ షెల్ లేదు. కార్న్ షెల్ ఉంది.

బరంపురం బ్యాష్

అదీ చేస్తుంది.

పాత కార్న్ (జయపురం)

చేస్తుంది గానీ కొంచెం ఆగండి. ముందు లెక్క చూద్దాం. ఏడు ఫీల్డులు, 3 లక్షల లైన్లు, అంటే 21 లక్షల కట్‌లు పుట్టి చచ్చిపోతున్నాయి ప్రతి రాత్రీ. ఎకో పైపు, దాని సబ్‌షెల్ కలుపుకుని ఒక్కోదానికి 3 మిల్లీసెకన్లు వేసుకో, 6,300 సెకన్లు. గంటా ముప్పావు. పైన ప్రతి లైనుకీ బీసీ. నీ రెండున్నర గంటలు ఎక్కడికి పోతున్నాయో తేలిపోయింది. డిస్కు పాతదనో సర్వర్ ముసలిదనో ఎవరైనా అంటే నమ్మకు.

ఇలాంటి పని కోసమే ఆక్ పుట్టింది. 1977లో బెల్ ల్యాబ్స్‌లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిఘన్ రాశారు, ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. లైను చదవడం, ముక్కలు చేయడం, దశాంశాలు కూడటం, పేరుతో ఇండెక్స్ చేసే అర్రే, అన్నీ ఒకే ప్రాసెస్ లోపల. కార్న్ షెల్ 88లో దశాంశాల కూడిక లేదు, కాబట్టి బరంపురం బాబు చెప్పినట్టు కట్ తీసేసినా బీసీ మిగులుతుంది. ఆక్‌లో ఆ బాధ లేదు. 3 లక్షల లైన్లు దానికి సెకన్ల పని.

సీ వచ్చన్నావు కదా. ఆక్ వాక్యాలు చూస్తే నీకు చుట్టాల్లా కనిపిస్తాయి. ఒక సాయంత్రం చాలు.

బల్లార్షా భావు (చంద్రపూర్ జిల్లా)

మాస్టారూ, దండం. మీ లెక్క కరెక్టే. కానీ ఈ అబ్బాయి రేపు టోటల్ ఒక్కటే చేయడు. ఎల్లుండి మేనేజర్ ఎక్సెల్ అడుగుతాడు, ఆ తర్వాత డేటాబేస్‌లో ఎక్కించమంటాడు, ఇంకో నెలకి జేసన్ ఏపీఐ. అప్పుడు ఆక్ మీద సెడ్, సెడ్ మీద పెర్ల్ పేర్చుకుంటూ పోతే ఎవడు చదువుతాడు? నేను పదోతరగతి దాకా మరాఠీ మీడియం, బీఎస్సీ ఇంగ్లీషు. పైథాన్ చదివితే అర్థమైంది, ఆక్ చదివితే తలనొప్పి వచ్చింది. కొత్తగా చేరేవాళ్ళకీ అంతే.

గూగుల్ వాళ్ళ షెల్ నియమావళిలో కూడా 100 లైన్లు దాటితేనో, దారి మెలికలు తిరిగితేనో షెల్ వదిలి పద్ధతైన భాషలో రాయమనే ఉంది.

పర్లాకిమిడి పెర్ల్ (గజపతి జిల్లా)

భావు గారూ, మీరు చెప్పేది లైనక్స్ ఇల్లు. ఆ ఏఐఎక్స్ 7.1 వచ్చింది 2010లో. అందులో పైథాన్ రాదు. ఐబీఎం టూల్‌బాక్స్ నుంచి ఎక్కించుకోవచ్చు, కాదనను. కానీ ఈఆర్‌పీ ఉన్న సర్వర్ మీద కొత్త ప్యాకేజీ అంటే చేంజ్ రిక్వెస్టు, వెండర్ అనుమతి, ఆడిట్ వాళ్ళ ప్రశ్న. నేను ఇలాంటి చోటే పనిచేస్తున్నాను, ఒక సంతకానికి నెల పడుతుంది.

పెర్ల్ మాత్రం ఏఐఎక్స్‌తోనే వస్తుంది. లైనక్స్‌లోనూ మామూలుగా ఉంటుంది. 1987లో ల్యారీ వాల్ రాసిందే ఇలాంటి రిపోర్టుల కోసం. ఒకే స్క్రిప్టు ఏఐఎక్స్ మీదా, రెడ్‌హ్యాట్ మీదా, ఉబుంటు మీదా మార్పు లేకుండా నడుస్తుంది. షెల్ గురించి ఆ మాట ఎవరైనా అనగలరా? ఉబుంటులో బిన్ ఎస్‌హెచ్ (స్క్రిప్టు మొదటి లైనులో రాసే షెల్ పేరు) అంటే 2006 నుంచీ డ్యాష్ అనే షెల్. రెడ్‌హ్యాట్‌లో అదే పేరుతో పిలిస్తే వచ్చేది బ్యాష్. ఏఐఎక్స్‌లో కార్న్. ఒకే పేరు, మూడు మనుషులు. బ్యాష్ అర్రే పెట్టి పైన బిన్ ఎస్‌హెచ్ అని రాస్తే ఉబుంటులో బ్రాకెట్ దగ్గర సింటాక్స్ ఎర్రర్ కొడుతుంది.

బల్లార్షా భావు

పెర్ల్ రాసినవాళ్ళే ఆర్నెల్ల తర్వాత చదవలేరు మేడమ్.

పర్లాకిమిడి పెర్ల్

పైథాన్ 2లో రాసినవి 2020 జనవరి 1 తర్వాత ఏమయ్యాయో చెప్పండి ముందు. ప్రింట్‌కి బ్రాకెట్లు పెట్టుకుంటూ కూర్చున్నది ఎవరు? రెడ్‌హ్యాట్ 8లో ఉత్త ‘పైథాన్’ అని కొడితే మామూలుగా కమాండే లేదంటుంది. 3.13లో టెల్‌నెట్‌లిబ్, క్రిప్ట్ మాడ్యూళ్ళు తీసేశారు. పాత స్విచ్‌లకి టెల్‌నెట్‌లో వెళ్ళి కాన్ఫిగ్ తెచ్చుకునే స్క్రిప్టులు ఎన్ని ఆఫీసుల్లో ఉన్నాయో మీకు తెలుసు. పాత పెర్ల్ 5 స్క్రిప్టులు ఈ రోజుకీ నడుస్తున్నాయి.

నిర్వాహకుడు

ఇద్దరూ కాస్త నెమ్మది. కుర్రాడి కాటా చీటీలు మధ్యలో నలిగిపోతున్నాయి.

ప్రాణహిత (సిరోంచా)

నేను గడ్చిరోలి జిల్లా చివర, కాళేశ్వరానికి ఎదురు ఒడ్డున ఉంటాను. నా రూటర్ డబ్బాల్లో మీరు చెప్పినవేవీ లేవు. 16 ఎంబీ ఫ్లాష్, బిజీబాక్స్. అందులో యాష్ షెల్, చిన్న ఆక్, చిన్న సెడ్. పైథాన్ పెట్టడానికి చోటే ఉండదు. అందుకే నాకు షెల్ తప్పనిసరి, ఇష్టం అయిష్టం కాదు.

కుర్రాడికి ఒక ప్రశ్న. డిపో నుంచి ఫైలు ఎలా వస్తోంది? ఎఫ్‌టీపీ అయితే, సగం వచ్చిన ఫైలుని నీ స్క్రిప్టు చదివేసే ప్రమాదం ఉంది. మాకు లైను రోజూ పోతుంది కాబట్టి ఇదే పెద్ద గొడవ. పంపేటప్పుడు వేరే పేరుతో పంపి, పూర్తయ్యాక అసలు పేరుకి మార్చాలి. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో పేరు మార్పు ఒక్క దెబ్బలో జరుగుతుంది, చదివేవాడికి ఫైలు ఉంటే మొత్తం ఉంటుంది, లేకపోతే లేదు. ఆర్‌సింక్ (ఫైళ్ళు పంపే కమాండు) ఈ పని తనంతట తనే చేస్తుంది, దాచిన పేరుతో దింపి చివర్లో మారుస్తుంది. పార్షియల్ ఆప్షన్ పెడితే లైను తెగినా వచ్చిన ముక్క వృథా కాదు. బీడబ్ల్యూలిమిట్ (పంపే వేగానికి పరిమితి) పెట్టు, లేకపోతే పగలు కాటా పీసీలో బిల్లింగ్ ఆగిపోయి డిపో వాళ్ళు ఫోన్ చేసి తిడతారు.

ఫైలు చివర మొత్తం ఎన్ని చీటీలో ఒక లైను రాయించు. నీ దగ్గర లెక్క తేలకపోతే ఆ డిపోని పక్కన పెట్టి మెయిల్లో ఆ ముక్క రాయాలి. ఏ భాషలో రాసినా ఇది కావాలి.

గుణుపురం కుర్రాడు

అక్కా, ఎఫ్‌టీపీనే. సగం ఫైళ్ళ సంగతి ఇప్పుడు అర్థమైంది, మునిగుడ టోటల్ కొన్ని రోజులు తగ్గి మర్నాడు పెరుగుతోంది. ఎవరో దొంగలెక్క రాస్తున్నారని గోల కూడా అయింది.

మాస్టారూ, ఆక్ కూర్చుని నేర్చుకున్నాను. ఉబుంటు మీద ఫైలు కాపీ పెట్టి నడిపితే రెండు సెకన్ల లోపే వచ్చేసింది, నాకే నమ్మకం కలగలేదు. కానీ మూడు సమస్యలు. ఒకటి, కొందరు సప్లయర్ల టోటల్ 1.23457 పక్కన ‘ఈ ప్లస్ 06’ అని వస్తోంది. రెండు, ఒకే చీటీ రెండుసార్లు లెక్కలోకి వస్తోంది. మూడు, పాత స్క్రిప్టు లిస్టులో లేని సప్లయర్లు ఇందులో కనిపిస్తున్నారు.

పాత కార్న్

మొదటిది ఆక్‌లో అందరికీ తగిలేదే. పూర్ణ సంఖ్య అయితే ప్రింట్ మొత్తం చూపిస్తుంది. తేమ కోత తీశాక దశాంశం వస్తుంది కదా, అప్పుడు ఆరు ముఖ్య అంకెలకి కుదించేస్తుంది, పెద్ద సంఖ్యని ఆ ఘాతం రూపంలో రాస్తుంది. 12,34,567.5 కిలోలు అలా మారిపోయింది. ప్రింట్ తీసేసి ప్రింట్ఎఫ్ పెట్టి, దశాంశం తర్వాత రెండంకెలు అని చెప్పు. లోపల కూడిక సరిగ్గానే జరిగింది, చూపించడంలోనే తేడా.

రెండోదానికి ముందు ఒక మాట చెప్పు. ఒకే నంబరుతో రెండో చీటీ ఎందుకు వస్తుంది? అదే లైను మళ్ళీ వచ్చిందా, దిద్దుబాటు చీటీయా?

గుణుపురం కుర్రాడు

రెండూ ఉన్నాయి. డిపో వాళ్ళు తప్పు కొడితే అదే నంబరుతో మళ్ళీ కొడతారు. రెండోదే లెక్క.

పాత కార్న్

అయితే నెట్‌లో ఎక్కడ చూసినా దొరికే ‘ఇంతకుముందు చూడకపోతేనే తీసుకో’ అన్న చిట్కా నీకు పనికిరాదు. అది మొదటి చీటీని ఉంచి దిద్దినదాన్ని పారేస్తుంది. నువ్వు డిపో పేరు, చీటీ నంబరు కలిపి తాళం చేసి, ఆ తాళం కింద లైను మొత్తం దాచు. తర్వాత వచ్చినది ముందుదాన్ని తుడిచేస్తుంది. ఫైలు అయిపోయాక ఎండ్ బ్లాకులో అన్నీ కూడు. 3 లక్షల లైన్లు మెమరీలో పెట్టడం ఈ రోజుల్లో లెక్కలోకి రాదు. ఒకటి గుర్తుంచుకో, అర్రేని ఫర్ ఇన్‌తో తిప్పితే వరస ఎలా వస్తుందో చెప్పలేం, బయటకి సార్ట్‌కి పైపు ఇచ్చెయ్.

డిపో పేరు కలపమన్నది ఊరికే కాదు. మునిగుడలోనూ 1 నుంచే, గుడారిలోనూ 1 నుంచే నంబర్లు మొదలవుతాయి కదా.

పర్లాకిమిడి పెర్ల్

మూడోది నేను చెప్తాను, ఇది మా ప్రాంతపు జబ్బు. కాటా పీసీ విండోస్. లైను చివర క్యారేజ్ రిటర్న్ ఉంటుంది, కంటికి కనపడదు. ఒక డిపో ఫైలుని ఎవరో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసి ఉంటారు, అప్పుడు మొదటి లైను ముందు మూడు బైట్ల గుర్తు ఒకటి చేరవచ్చు. ఓడీ డంప్ (ఫైలుని బైట్లుగా చూపించే కమాండు) కొట్టి చూడు, మొదట్లో ఈఎఫ్, బీబీ, బీఎఫ్ కనిపిస్తే అదే. ఇక పేర్లు: ఒకే సప్లయర్‌ని ఒక డిపోలో ఒడియాలో, ఇంకో డిపోలో తెలుగులో, మూడో చోట ఇంగ్లీషులో కొట్టి ఉంటారు. చివర ఖాళీ ఉంటే అదీ వేరే పేరే. అసలు పేరుతో కూడటమే వద్దు, సప్లయర్ కోడ్ ఉంటే దానితో కూడు.

బల్లార్షా భావు

లారీ నంబర్లూ అంతే. మా దగ్గర ఎంహెచ్ 34 ఒకడు ఖాళీలతో కొడతాడు, ఒకడు గీతలతో, ఒకడు చిన్న అక్షరాలతో. అన్నీ పెద్ద అక్షరాలు చేసి, అక్షరం అంకె కానివన్నీ పీకేసి పోల్చాలి. ఇది ఆక్‌లోనూ రెండు ఫంక్షన్ల పనే, ఒప్పుకుంటాను.

బరంపురం బ్యాష్

పనిలో పనిగా ఒడిశా బళ్ళ నంబర్లలో ఓఆర్‌ని ఓడీగా మార్చేస్తే సరి. ఓఆర్ 18, ఓడీ 18 రెండూ రాయగడే.

పర్లాకిమిడి పెర్ల్

వద్దు వద్దు! కోడ్ మారింది 2012లో, కొత్త బళ్ళకి. పాత లారీల ప్లేటు మీద ఇప్పటికీ ఓఆరే. ఓఆర్ 18లో ఒక నంబరు, ఓడీ 18లో అదే నంబరు రెండు వేరే బళ్ళు కావచ్చు. కలిపేస్తే ఒకరి లోడు ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

బరంపురం బ్యాష్

అవును గదా. సరే, తీసేయండి ఆ మాట.

గుణుపురం కుర్రాడు

ఓడీ డంప్‌లో మేడమ్ చెప్పిన మూడు బైట్లూ బిస్సంకటక్ ఫైల్లో దొరికాయి! సప్లయర్ కోడ్ ఈఆర్‌పీలో ఉంది గానీ చీటీలో లేదు. కోడ్, పేరు ఉన్న చిన్న ఫైలు ఒకటి తయారుచేసి ముందు దాన్ని చదివించి, తర్వాత చీటీలు చదివిస్తున్నాను. పేరు దొరకనివి విడిగా రాస్తోంది.

ఇప్పుడు కొత్త తిప్పలు. పేర్ల కాలమ్‌కి 20 అక్షరాల వెడల్పు ఇస్తే రెడ్‌హ్యాట్‌లో ఒకలా, ఉబుంటులో ఒకలా వస్తోంది.

పాత కార్న్

రెండు ఆక్‌లూ వేరు. రెడ్‌హ్యాట్‌లో జీ ఆక్, ఉబుంటులో ముందే ఉండేది ఎమ్ ఆక్. ఎమ్ ఆక్ వేగంలో దిట్ట, కానీ బైట్లు లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు, ఒడియా, దేవనాగరి గుర్తులకి ఒక్కోదానికి 3 బైట్లు. ‘రాము’ని జీ ఆక్ 4 అంటుంది, ఎమ్ ఆక్ 12 అంటుంది. మనకి కనిపించేవి రెండే. కాబట్టి జీ ఆక్‌లో కూడా కాలమ్ నిలువుగా నిలబడదు, గుణింతం గుర్తుకి వేరే చోటు అక్కర్లేదు కదా. మన లిపుల్లో ఖాళీలతో కాలమ్‌లు కట్టడం వృథా ప్రయాస. హెచ్‌టీఎమ్‌ఎల్ పట్టిక చేసి పంపు, లేదా ట్యాబ్ పెట్టి ఎక్సెల్‌కి వదిలెయ్.

సార్ట్ ముందు లొకేల్‌ని (భాష, అక్షరాల వరస సెట్టింగు) సీ అని పెట్టు. వేగమూ పెరుగుతుంది, మూడు మెషిన్ల మీదా ఒకే వరస వస్తుంది. బైట్ల వరసలో ముందు ఇంగ్లీషు, తర్వాత దేవనాగరి, తర్వాత ఒడియా, చివర తెలుగు. అకారాది క్రమం అచ్చంగా రాదు, రిపోర్టుకి అది చాలు.

బల్లార్షా భావు

పైథాన్ 3లో స్ట్రింగ్ అంటేనే యూనికోడ్, ఈ బైట్ల రభస ఉండదని చెప్పబోయాను. కానీ క్రాన్‌లో (టైముకి పనులు నడిపేది) లొకేల్ ఏమీ ఉండదు, 3.7కి ముందు వెర్షన్లలో అప్పుడు ఒడియా పేరు ప్రింట్ చేయబోతే ఆస్కీ ఎర్రర్‌తో పడిపోవచ్చు. కాబట్టి ఫైలు తెరిచేటప్పుడే ఎన్‌కోడింగ్ రాసుకోవాలి. చెప్పాల్సిన ధర్మం కాబట్టి చెప్తున్నా.

కొత్తవాడు 22 (కోరాపుట్)

ఇంత చర్చ ఎందుకండీ, ఏఐని అడిగితే స్క్రిప్టు రాసిచ్చేస్తుంది కదా?

పాత కార్న్

అడుగు బాబూ, నేనూ అడుగుతాను. నిన్నటి తేదీకి డేట్ మైనస్ డి ఇస్తుంది, ఫైలు దిద్దడానికి సెడ్ మైనస్ ఐ ఇస్తుంది. రెండూ గ్నూ (లైనక్స్‌లో ఉండే కమాండ్లు) సొత్తు. ఏఐఎక్స్ 7.1లో మొదటిది పనిచేయదు, రెండోది లేదు. ఏ మెషినో చెప్పి అడిగితే కొంత నయం. వచ్చినదాన్ని షెల్‌చెక్‌లో (షెల్ స్క్రిప్టు తప్పులు పట్టే ప్రోగ్రామ్) వేసి చూడు, కొటేషన్ మార్కులు లేని వేరియబుల్స్ అన్నీ ఏరి పెడుతుంది.

ప్రాణహిత

కొటేషన్ల మాట వచ్చింది కాబట్టి. పాత ఫైళ్ళు చెరిపే లైను ఉంటుంది కదా ప్రతి స్క్రిప్టులో, ఆర్‌ఎమ్ మైనస్ ఆర్‌ఎఫ్, ఫోల్డర్ వేరియబుల్, స్లాష్, స్టార్. వేరియబుల్ ఖాళీ అయితే మిగిలేది స్లాష్ స్టారే, అంటే మెషిన్ మీద ఉన్నదంతా. 2015లో స్టీమ్ లైనక్స్ ప్రోగ్రామ్‌లో సరిగ్గా ఇలాంటి లైను వల్లే జనం ఫైళ్ళు పోయాయి. షెల్‌లో వేరియబుల్ పేరు పక్కన కోలన్, ప్రశ్నార్థకం పెడితే, ఖాళీగా ఉన్నప్పుడు స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. యాష్, కార్న్, బ్యాష్ మూడింటిలో ఉంది. ఇది లేని ఆర్‌ఎమ్ లైనుని నేను నా మెషిన్ల మీద ఎక్కనివ్వను.

గుణుపురం కుర్రాడు

ఇంకొకటి. చేత్తో నడిపితే బాగానే ఉంది, క్రాన్‌లో పెడితే ఫైలు పేరు సగంలో తెగిపోయి ఏమీ జరగట్లేదు. పేరులో తేదీ ఉంటుంది.

బరంపురం బ్యాష్

క్రాన్‌ట్యాబ్ లైనులో పర్సెంట్ గుర్తు పెట్టావా? దాన్ని కొత్త లైనుగా తీసుకుంటుంది. ముందు బ్యాక్‌స్లాష్ పెట్టు. అంతకన్నా మంచిది, తేదీ వ్యవహారం స్క్రిప్టు లోపలికి తోసెయ్, క్రాన్‌ట్యాబ్‌లో ఉత్త స్క్రిప్టు పేరే ఉండాలి. పాత్ (కమాండ్లు వెతికే చోట్ల జాబితా) కూడా స్క్రిప్టులోనే పూర్తిగా రాసుకో, నీ లాగిన్‌లో ఉండే పాత్ క్రాన్‌కి తెలీదు.

పర్లాకిమిడి పెర్ల్

ఒకేసారి రెండు కాపీలు నడవకుండా ఏం పెట్టారు?

గుణుపురం కుర్రాడు

పాతాయన ఒక లాక్ ఫైలు టచ్ చేసి, చివర్లో చెరిపేవారు. అదే ఉంచాను.

పర్లాకిమిడి పెర్ల్

తీసేయండి దాన్ని. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా జిల్లా అంతా చీకటైపోయింది. కరెంటు తిరిగొచ్చి సర్వర్లన్నీ లేచాక, ఇలాంటి లాక్ ఫైళ్ళు పెట్టిన స్క్రిప్టులు ఒక్కటీ కదల్లేదు. కరెంటు పోయిన క్షణంలో నడుస్తున్న స్క్రిప్టు ఫైలుని చెరపలేదు. లేచాక ప్రతి స్క్రిప్టూ ‘ఇంకొకడు నడుస్తున్నాడు’ అనుకుని బయటకి వెళ్ళిపోతోంది. ఎర్రర్ లేదు, మెయిల్ లేదు. ఎవరూ గమనించలేదు కొన్నాళ్ళు.

లైనక్స్‌లో ఎఫ్‌లాక్ కమాండు వాడండి. ఆ తాళం కెర్నెల్ చేతిలో ఉంటుంది, ప్రాసెస్ పోతే తాళమూ పోతుంది. ఏఐఎక్స్‌లో ఆ కమాండు లేదు, కానీ పెర్ల్‌లో ఎఫ్‌లాక్ భాషలోనే ఉంది. పది లైన్ల పెర్ల్ రాసి, అది తాళం పట్టుకుని మీ ఆక్ స్క్రిప్టుని పిలిస్తే చాలు. మొత్తం పెర్ల్‌లోకి మారమని నేను అనట్లేదు చూశారా భావు గారూ.

కరెంటు లేనప్పుడు దాటిపోయిన టైము సంగతి కూడా చూసుకోండి. మామూలు క్రాన్ దాన్ని మర్చిపోతుంది. లైనక్స్ మీద సిస్టమ్‌డీ టైమర్‌కి పెర్సిస్టెంట్ అని పెడితే లేవగానే బాకీ పని నడుపుతుంది.

బల్లార్షా భావు

చూశాను చూశాను. నా సలహా కూడా కొంచెం మారుస్తాను. ఏఐఎక్స్ మీద ఆక్ ఉంచు. చీటీలు కలిపి శుభ్రం చేసే పని అక్కడ. శుభ్రమైన ఫైలు రెడ్‌హ్యాట్‌కి వచ్చాక, ఎక్సెల్ చేయడం, ఈఆర్‌పీతో సరిపోల్చడం పైథాన్‌లో రాయి. ఆ ముక్కకి సీఎస్‌వీ, ఆర్గ్‌పార్స్ లాంటి లోపలి మాడ్యూళ్ళు వాడుకో. పిప్‌తో (మాడ్యూళ్ళు ఎక్కించే కమాండు) సిస్టమ్ పైథాన్‌లోకి ఏదీ ఎక్కించకు. 24.04కి మారిన రోజున ఉబుంటు ఎలాగూ ఒప్పుకోదు. ఎక్సెల్ మాడ్యూలు కావాలంటే విడిగా వెన్వ్ (సిస్టమ్‌తో కలవని వేరే పైథాన్ ఫోల్డర్) చేసుకో.

మేనేజర్‌కి ‘పైథాన్‌లో చేశాను’ అని చెప్పొచ్చు, అబద్ధం కాదు.

పాత కార్న్

ఆ ఏఐఎక్స్ ఎన్నాళ్ళుంటుందో కూడా కనుక్కో తమ్ముడూ. అది పోయే రోజున కార్న్ షెల్‌లో రాసినవే ముందు ఇబ్బంది పెడతాయి. ఆక్ భాగం పోసిక్స్‌లో (యూనిక్స్‌లన్నిటికీ ఉమ్మడి ప్రమాణం) ఉన్నవాటితోనే రాసుకుంటే లైనక్స్‌కి అలాగే మోసుకుపోవచ్చు. జీ ఆక్ ప్రత్యేకాలు, అంటే లోపల సార్ట్ చేసేవి, టైము ఫంక్షన్లు, వాటి జోలికి వెళ్ళకు.

గుణుపురం కుర్రాడు

అలాగే మాస్టారూ. ఏఐఎక్స్ మీద ఆక్ నడుస్తోంది, పాత రిపోర్టు పక్కనే పెట్టి రెండూ పోలుస్తున్నాను. తేడాలన్నీ ఇప్పటికి దిద్దుబాటు చీటీల దగ్గరే వచ్చాయి, పాత స్క్రిప్టు రెండిటినీ కూడేస్తోంది. అకౌంట్స్ వాళ్ళకి చెప్పాలి, వాళ్ళేమంటారో.

చివరగా ఒకటి. మెయిల్లో ఒడియా, తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి. ఫైల్లో బాగానే ఉన్నాయి.

ప్రాణహిత

ఏఐఎక్స్ మెయిల్ కమాండు అక్షరాల సంగతి హెడర్లలో రాయదు. దాన్ని వదిలి సెండ్‌మెయిల్ మైనస్ టీకి నువ్వే మొత్తం ఇవ్వు. టు, సబ్జెక్టు, మైమ్ వెర్షన్ 1.0, కంటెంట్ టైపులో టెక్స్ట్ హెచ్‌టీఎమ్‌ఎల్, క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8. తర్వాత ఒక ఖాళీ లైను, తర్వాత పట్టిక. ఆ ఖాళీ లైను లేకపోతే పట్టిక కూడా హెడరే అనుకుంటుంది. సబ్జెక్టులో మాత్రం ఇంగ్లీషే రాయి, అక్కడ తెలుగు కావాలంటే బేస్ 64 చుట్టాలి, పొద్దున్న 6కి అంత అవసరం లేదు.